భీమిలి సాయంత్రం వేశాను, అమ్మ "ఇది ఏ ఊరు?" అంది

గోస్తనీగట్టు
జనవరి 9, రాత్రి 9:50

నమస్కారమండీ. ఇన్నాళ్లూ ఇక్కడ మీరు రాసేవి చదువుకుని వెళ్లిపోవడమే తప్ప నోరు విప్పింది లేదు. ఇప్పుడు తప్పలేదు.

మా అక్కా బావా మధురవాడలో ఫ్లాట్ కొన్నారు. మాఘంలో గృహప్రవేశం. హాల్లో సోఫా వెనక గోడకి నా చేత్తో వేసిన బొమ్మే ఉండాలని అక్క పట్టు పట్టింది. మూడడుగులు, రెండడుగుల క్యాన్వాసు తెచ్చి, భీమిలి బీచి సాయంత్రం పూట ఎలా ఉంటుందో ఆక్రిలిక్‌లో వేద్దామని కూర్చున్నాను. మూడు ఆదివారాలు పట్టింది. ఎర్రటి ఆకాశం, నీళ్లలో సగం మునిగిన సూర్యుడు, అక్కడి నుంచి ఒడ్డు దాకా బంగారు దారి, తిరిగొస్తున్న రెండు తెరచాప పడవలు, పక్కన నల్లగా కొబ్బరిచెట్లు. ఫొటో జత చేశాను.

చూసినవాళ్లంతా సూపర్ అన్నారు. అమ్మ మాత్రం కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, "బాగుందిరా, ఇది ఏ ఊరు?" అంది. ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు. రంగు చాల్లేదేమో అని ఎరుపు ఇంకో రెండు పూతలు వేశాను. ఇంకా అధ్వానమైంది. ఏం చేయమంటారు?


ఉప్పాడకెరటం
జనవరి 9, రాత్రి 10:04

అన్నా, భీమిలిలో సూర్యుడు సముద్రంలో మునగడం ఎప్పటినుంచి?


గోస్తనీగట్టు
జనవరి 9, రాత్రి 10:11

అయ్యో రామా. పుట్టి పెరిగిన ఊరండీ అది! పొద్దు కొండ వెనక్కి పోతుందని నాకు తెలియకనా. యూట్యూబులో ఒక వీడియో పెట్టుకుని దాని వెంట వేసుకుంటూ పోయాను. వాళ్ల సముద్రం పడమర వైపు ఉన్నట్టుంది.


ఆయిల్‌బాబాయ్
జనవరి 9, రాత్రి 10:40

అయితే ఏంటట? బొమ్మ అంటే సర్వే మ్యాపు కాదు. ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ 1839లో టెమెరేర్ అనే పాత యుద్ధనౌక బొమ్మ వేశాడు, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ముక్కలు చేయడానికి ఆ ఓడను లాక్కెళ్లింది పడమటికి. ఈయన మాత్రం సూర్యాస్తమయాన్ని ఓడ వెనక పెట్టాడు, అంటే తూర్పున! తెరచాప స్తంభాలు అప్పటికే పీకేశారు, బొమ్మలో నిటారుగా ఉంటాయి. లాగినవి రెండు పడవలు, బొమ్మలో ఒకటే. ఎవరైనా ఆయన్ని "ఇది ఏ ఊరు" అని అడిగారా? తమ్ముడూ, అలాగే ఉంచు. ఎరుపు కాస్త తగ్గించు, చాలు.


పాతకుంచె
జనవరి 10, ఉదయం 6:15

బాబాయ్ గారు చెప్పింది కాదనను. అయితే టర్నర్ దిక్కు మార్చింది తెలిసి మార్చాడు. మన తమ్ముడు తెలియకుండా మార్చాడు. తేడా అక్కడుంది.

నేను ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేశాను, రాజమండ్రిలో ఉంటాను. తమ్ముడి బొమ్మ పొద్దున్నే మళ్లీ చూశాను. అందులో ఉన్న చిక్కు సూర్యుడొక్కడే అయితే సూర్యుణ్ణి చెరిపేస్తే సరిపోవాలి. చెరిపి చూడండి, సరిపోదు. ఎందుకంటే అందులో ప్రతి వస్తువూ ఎదురెండలో ఉన్నట్టు వేశారు. పడవలు నల్లగా, చెట్లు నల్లగా, మనుషులు నల్లగా. ఎండ ఎదురుగా ఉంటేనే అలా నీడబొమ్మల్లా కనిపిస్తాయి. భీమిలిలో సాయంత్రం నాలుగున్నరకి ఎండ మీ వీపు మీద ఉంటుంది. మీ ఎదుట ఉన్న పడవ మీద ఆ ఎండ నేరుగా పడి, పడవ రంగు మొత్తం విప్పి చూపిస్తుంది. పడవ నీడ సముద్రం వైపు పడుతుంది. నురగ తెల్లగా ఉండదు, పాలలో చిటికెడు కుంకుమపువ్వు కలిపినట్టు ఉంటుంది. ఆకాశం ఎదురుగా మంటలా ఉండదు, వెలిసిన నీలంగా ఉంటుంది. అసలు ఆ వేళ ఆకాశానికంటే ఇసకే ఎక్కువ వెలుగుతుంది.

సూర్యుణ్ణి ఎక్కడ పెట్టాం అన్నది బొమ్మలో ఒక మూల విషయం కాదు. వెలుగు ఎటునుంచి వస్తోందో తేలిస్తే నీడల రంగు, నీళ్ల రంగు, పడవ మీద పెయింటు రంగు, అన్నీ దానివెంట వచ్చేస్తాయి. మీ అమ్మగారు పట్టుకున్నది అదే అనుకుంటాను, ఆవిడ ఆ మాటల్లో చెప్పకపోయినా.


సముద్రంపిల్ల
జనవరి 10, ఉదయం 8:30

మాస్టారు, మీరు రాసిన "వీపు మీద ఎండ" చదివి ఒక్క నిమిషం ఆగిపోయాను.

నేను పెరిగింది విశాఖ పెదవాల్తేరులో. పెళ్లయ్యాక పన్నెండేళ్లుగా శాన్ డియాగోలో ఉంటున్నాం. ఇక్కడ సముద్రం పడమర. సాయంత్రం బీచికి వెళ్తే ఎండ కళ్లలో కొడుతుంది, అందరూ నల్లద్దాలు పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తూ కూర్చుంటారు. మునిగిపోగానే లేచి కార్ల దగ్గరికి పోతారు. బాగానే ఉంటుంది. కానీ నాకు ఎప్పుడూ ఏదో తక్కువగా ఉండేది, అదేంటో తెలిసేది కాదు.

మన ఆర్కే బీచిలో సాయంత్రం చూడ్డానికి సూర్యుడు ఉండడు కదా. జనం నీళ్ల వైపు తిరిగి ఊరికే కూర్చుంటారు. మెడ వెనక వెచ్చగా ఉంటుంది, ముఖానికి చల్లగాలి. ఎప్పుడు చీకటి పడిందో తెలియదు. నేను ఇక్కడ వాటర్‌కలర్ నేర్చుకుని వైజాగ్ అనుకుంటూ వేసిన బొమ్మలన్నింటిలో సూర్యుడు నీళ్లలోనే ఉన్నాడు! ఇప్పుడే అల్మారాలోంచి తీసి చూసుకున్నాను. పదకొండు.


లెక్కలూరంగులూ
జనవరి 10, మధ్యాహ్నం 1:20

ఫిజిక్సు చెప్పేవాణ్ణి, కుంచె పట్టుకోవడం ఈమధ్యే. మాస్టారు చెప్పినదానికి వెనక ఉన్న సంగతి కొంచెం చెబుతాను, బోరు కొడితే దాటేయండి.

సముద్రానికి సొంత రంగు కొంతే, మిగతాది ఆకాశం దగ్గర అప్పు. కాళ్ల దగ్గర నీళ్లలోకి తిన్నగా కిందికి చూస్తే అడుగున ఇసక కనిపిస్తుంది. దూరంగా చూసేకొద్దీ నీరు అద్దం పని చేస్తుంది. కానీ అది చదునుగా పరిచిన అద్దం కాదు. మనవైపు వాలిన అల ముఖాలే మనకు ఎక్కువ కనిపిస్తాయి. అవి నీళ్లూ ఆకాశం కలిసే గీత దగ్గరున్న పాలిపోయిన ఆకాశాన్ని కాకుండా, ఇంకా పైనున్న ముదురు నీలాన్ని చూపిస్తాయి. అందుకే ఆ గీత దగ్గర నీళ్లు ఆకాశం కన్నా ఒక మెట్టు ముదురుగా ఉంటాయి. తమ్ముడి బొమ్మలో రెండూ ఒకే నారింజ. అందుకే సముద్రం పడుకోకుండా గోడలా లేచి నిలబడింది.

తడి ఇసక సంగతి దీనికి తిరగేసి. నీరు ఇంకిన ఇసక మామూలుగానే ముదురుతుంది. అల వెనక్కి పోయిన ఆ రెండు మూడు క్షణాలు మాత్రం పైన పల్చటి నీటిపొర మిగిలి, అది చదునైన అద్దమే అవుతుంది. ఆకాశం దాదాపు ఉన్నదున్నట్టు అందులో దిగుతుంది.

ఇక సాయంత్రం పూట తూర్పు తీరంవాళ్లకి మాత్రమే ఎదురుగా సముద్రం మీద దొరికేది ఒకటుంది. పొద్దు కుంగాక తూర్పున నీళ్లకు ఆనుకుని బూడిద కలిసిన నీలపు పట్టీ ఒకటి లేస్తుంది, దానిపైన లేత గులాబి పట్టీ. ఆ నీలపు పట్టీ మబ్బు కాదు, భూమి నీడ. మన భూమి తన నీడను తన గాలి మీదే వేసుకుంటోంది. పది పదిహేను నిమిషాల్లో నీడ పైకి ఎక్కి, గులాబి కరిగిపోతుంది. ఈ నెలలో విశాఖ వైపు 5:40కి అటూ ఇటూగా పొద్దు కుంగుతోంది. మబ్బు లేని రోజు ఆరు లోపల చూడండి.


ఉప్పాడకెరటం
జనవరి 10, మధ్యాహ్నం 1:52

చిన్నప్పుడు మా తాత దాన్ని చూపించి "నీడ లేచింది, ఇక పదండి" అనేవాడు. నేను ఊరికే అంటున్నాడనుకున్నా.

అన్నా, ఇంకో మాట. తెరచాప పడవలు ఎక్కడున్నాయి ఇప్పుడు? అన్నీ ఫైబర్ పడవలు, ఇంజన్లు. మా వైపు చీకటితో వేటకి పోతే ఎండెక్కాక ఒడ్డు పడతాం. సాయంత్రానికి పడవ ఇసక మీద ఉంటుంది, పక్కన వల కుప్ప, దాని మీద కుక్క. అది వెయ్యి.


ఆయిల్‌బాబాయ్
జనవరి 10, సాయంత్రం 4:05

బాగుంది. ఎరుపు తీసేయండి, సూర్యుణ్ణి తీసేయండి, తెరచాప తీసేయండి. చివరికి బూడిదరంగు సముద్రం, కుక్క. కొత్త ఇంట్లో హాల్లో పెడతారా దాన్ని? చూసినవాడికి మనసు ఉల్లాసంగా ఉండొద్దూ?


పాతకుంచె
జనవరి 10, సాయంత్రం 5:30

ఉల్లాసానికి ఎరుపు, ప్రశాంతతకి నీలం అని ఎవరో పుస్తకంలో రాసేశారు, అందరం పట్టుకు వేలాడుతున్నాం. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. నాలుగో రోజున మా చెల్లెలి ఇంటికని వెళ్లాను. ఆకాశం కడిగిన పళ్లెంలా నీలంగా ఉంది, సముద్రమూ అంతే. కొండ మీద ఒక్క ఆకు లేదు. ఎక్కడ చూసినా పడిపోయిన చెట్లు. ఆ నీలం ఎంత భయం వేసిందో చెప్పలేను. ఈనాటికీ అల్ట్రామెరైన్ ట్యూబు చిక్కగా పిండితే అదే గుర్తొస్తుంది. రంగుకి మూడ్ దానంతటది ఉండదు బాబాయ్ గారూ, పక్కన ఏముందో దాన్నిబట్టి వస్తుంది.

మా ఊళ్లో గోదావరి గట్టు మీద దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉంది. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు ఆయన. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన పనితనం గుర్తించి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకు పంపించాడు. పిల్లల్ని ఏటా ఆ చిత్రశాలకు తీసుకెళ్లేవాణ్ణి. ఒక్కటే పని చెప్పేవాణ్ణి: ప్రతి బొమ్మ ముందూ నిలబడి, ఇందులో ఎంత పొద్దయిందో చెప్పండి అని. కొందరు తప్పు చెప్పేవాళ్లు, కొందరు గొడవపడేవాళ్లు. అయితే ఆ గొడవ అయ్యాక బొమ్మను చూసే తీరే మారిపోయేది. తమ్ముడూ, మీ బొమ్మ ముందు నిలబడి గడియారం ఎంతో చెప్పండి చూద్దాం. చెప్పగలరా?


గోస్తనీగట్టు
జనవరి 11, రాత్రి 8:20

చెప్పలేకపోయాను మాస్టారు. అందుకే ఈరోజు ఆఫీసు నుంచి గంట ముందు బయటపడి బీచికి వెళ్లాను. రంగులు తీసుకెళ్లలేదు. జేబులో ఉన్న పాల బిల్లు వెనక రాసుకున్నవి ఉన్నవున్నట్టు ఇస్తున్నాను:

"5:05. కొండ నీడ ఇసక మీదికి వచ్చేసింది. నేను నీడలో ఉన్నాను. సముద్రం లోపల ఇంకా ఎండ ఉంది! నీళ్లలో ఒక గీత, ఇవతల సీసం రంగు, అవతల చిలకాకుపచ్చ. దూరంగా ఒక ఓడ, తెల్లగా, పన్నులా మెరుస్తోంది.

5:20. గీత లోపలికి జరిగింది. పడవ పసుపు రంగు నీడలో పసుపులా లేదు, ఆవపిండి ముద్దలా ఉంది. నీలం చార మాత్రం అలాగే ఉంది, ఇంకా వెలుగుతున్నట్టుంది.

5:50. గులాబి వచ్చింది. తడి ఇసకలో ముందు కనిపించింది, తర్వాత తలెత్తి చూస్తే ఆకాశంలో ఉంది.

6:05. అన్నీ పోయాయి. బజ్జీల బండి బల్బు వేశాడు."

నలభై ఏళ్లుగా అక్కడే తిరుగుతున్నాను. ఇసక నీడలో ఉండి సముద్రం ఎండలో ఉంటుందని ఈరోజు తెలిసింది. ఫోనుతో ఫొటోలు కూడా తీశాను. కానీ ఫొటోలో ఆ గులాబి అసలు లేదు, ఇసకేమో నల్లగా పడింది. ఎందుకలా?


లెక్కలూరంగులూ
జనవరి 11, రాత్రి 9:00

ఫోను తనకు తోచిన "తెలుపు" ఏదో పెట్టుకుని మిగతా రంగుల్ని దాని ప్రకారం సర్దేస్తుంది. సాయంత్రపు లేత రంగులు ముందు దానికే బలైపోతాయి. వెలుగూ నీడల మధ్య తేడా కూడా మన కన్ను పట్టినంత అది పట్టదు. ఆకాశానికి సర్దుకుంటే ఇసక నల్లబడుతుంది, ఇసకకి సర్దుకుంటే ఆకాశం తెల్లకాగితం అవుతుంది. ఫొటోని పడవ ఆకారానికి వాడుకోండి. రంగుకి మీ పాల బిల్లే మేలు.

నీలం చార "ఇంకా వెలుగుతున్నట్టుంది" అని రాశారే, అది మీ భ్రమ కాదు. కొండ నీడలో నేరుగా ఎండ పడదు, నీలాకాశం వెలుగే పడుతుంది. అందులో పసుపు మందగిస్తుంది, నీలం నిలుస్తుంది. ఇంకా చీకటి పడ్డాక మన కంటికే ఎరుపులు ముందు చచ్చిపోతాయి, నీలాలు ఆఖరి దాకా నిలుస్తాయి. ఆ రెండోదాన్ని పుర్కిన్యే ప్రభావం అంటారు. 19వ శతాబ్దంలో ఆ పేరుగల చెక్ శాస్త్రవేత్త గమనించి రాశాడు.


సముద్రంపిల్ల
జనవరి 11, రాత్రి 11:15

నాకు సొరోయా గుర్తొచ్చాడు. స్పెయిన్ చిత్రకారుడు, వాలెన్సియావాడు. ఆ తీరమూ మనలాగే తూర్పుకు తిరిగి ఉంటుంది. 1909 వేసవిలో తన భార్యా కూతురూ తెల్ల గౌన్లలో ఒడ్డున నడుస్తున్నట్టు పెద్ద బొమ్మ వేశాడు. అందులో ఆకాశమే లేదు! వెనకంతా నీళ్లూ ఇసకే. అయినా ఎంత పొద్దయిందో, గాలి ఎటు కొడుతోందో తెలిసిపోతుంది. తెల్ల గౌను మీద నీడలు తెల్లగా, బూడిదగా ఉండవు, ఊదాగా, లేత నీలంగా ఉంటాయి. తమ్ముడు కూడా ఆకాశాన్ని సన్నటి పట్టీకి తగ్గించేస్తే? మూడు వంతులు నీళ్లూ తడి ఇసకే ఉంచితే?


గోస్తనీగట్టు
జనవరి 18, రాత్రి 10:30

పండగ హడావిడిలో పడి ఆలస్యమైంది. చిన్న క్యాన్వాసు మీద మొదలుపెట్టాను. 5:50 వేళ వేద్దామని నిర్ణయించుకున్నాను. ఆకాశం సన్నగానే ఉంచాను, సముద్రంపిల్ల గారి సలహా.

తంటా ఏంటంటే, బూడిద చచ్చిన బూడిదలా ఉంది. నలుపూ తెలుపూ కలిపాను, కొంచెం నీలం వేశాను. సిమెంటు రోడ్డులా వచ్చింది. పైగా రాత్రి సరిగ్గా కలిపానని పడుకుంటే పొద్దున ముదిరిపోయి ఉంటోంది.


ఆయిల్‌బాబాయ్
జనవరి 18, రాత్రి 10:48

ఆక్రిలిక్ ఆరితే ముదురుతుంది, నాకు దానితో పడనిదే అందుకు. అనుకున్నదానికి ఒక మెట్టు లేతగా కలుపు. ముందు ఒక అట్టముక్క మీద పూసి, ఆరనిచ్చి, అప్పుడు క్యాన్వాసు మీద పెట్టు.

నలుపు ట్యూబు తీసి అవతల పారెయ్. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియన్నా (ఎర్రమట్టి రంగు) కలిపి తెలుపు వెయ్యి. నీలం పాలు పెంచితే చల్లటి బూడిద, సియన్నా పాలు పెంచితే వెచ్చటి బూడిద. ఒకే బూడిదలో నాలుగు రకాలు దొరుకుతాయి. సముద్రం దూరంగా చల్లది, దగ్గర వెచ్చది వాడు. తడి ఇసక గులాబికి ఇదే బూడిదలో కాస్త అలిజరిన్ (ముదురు ఎరుపు), కాస్త ఎల్లో ఓకర్ (మట్టి పసుపు). ట్యూబు గులాబి మాత్రం తాకకు, పెళ్లి పందిరి అవుతుంది.

ఇంకోటి. తెల్ల క్యాన్వాసు మీద బూడిద వేస్తే మురికిలా కనిపిస్తుంది. ముందు క్యాన్వాసు అంతా పల్చగా సియన్నా కడుగు, ఆరనివ్వు. దాని మీద అక్కడక్కడా సందులు వదులుతూ బూడిద వేస్తే, ఆ వెచ్చదనం పక్కన బూడిదే నీలంలా కనిపిస్తుంది. షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లోనే ఈ సంగతి పుస్తకం రాశాడు. పారిస్‌లో గోబెలిన్ నేతశాలలో రంగుల విభాగం చూసేవాడు. నలుపు దారం సరిగ్గా నల్లగా లేదని నేతగాళ్లు ఫిర్యాదు చేస్తే, తప్పు అద్దకంలో లేదు, పక్కనున్న దారంలో ఉందని తేల్చాడు.

నేను ఎరుపు పార్టీయే, ఇప్పటికీ. కానీ బూడిద వేస్తే సరిగ్గా వేయాలి.


లెక్కలూరంగులూ
జనవరి 18, రాత్రి 11:10

బాబాయ్ గారికి దండం. దీనికి ఒక్కటి చేరుస్తాను. వేసేటప్పుడు మధ్యమధ్యలో ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1872లో ల హావ్ర్ రేవులో పొద్దుపొడుపు వేశాడు కదా, ఆయన బృందానికి ఇంప్రెషనిస్టులు అన్న పేరు దాని నుంచే వచ్చింది. ఆ బొమ్మను నలుపు తెలుపులోకి మారిస్తే ఆ నారింజ సూర్యుడు దాదాపు మాయమవుతాడు. చుట్టూ ఉన్న బూడిద మంచు ఎంత వెలుగులో ఉందో సూర్యుడూ అంతే వెలుగులో ఉన్నాడన్నమాట, రంగు ఒక్కటే తేడా. బొమ్మలో ఆ సూర్యుడు మినుకుమినుకుమన్నట్టు అనిపించడానికి అదే కారణమని చెబుతారు. మీ గులాబి కూడా పక్కనున్న నీలపు పట్టీ అంత వెలుగులోనే ఉండాలి. తెలుపు ఎక్కువ వేస్తే పట్టీలా కాక రిబ్బనులా అతుక్కుంటుంది.


ఉప్పాడకెరటం
జనవరి 19, ఉదయం 7:00

బజ్జీల బండి బల్బు ఉంచు అన్నా. అది లేకపోతే భీమిలి ఏంటి.


పాతకుంచె
జనవరి 19, ఉదయం 7:25

బల్బు ఉంచండి. బియ్యపు గింజంత. అంతకన్నా పెద్దదయితే చూపంతా అదే లాక్కుంటుంది.


గోస్తనీగట్టు
ఫిబ్రవరి 2, రాత్రి 9:15

అయిపోయింది. ఫొటో పెట్టాను, గులాబి ఫొటోలో సగమే పడింది, మీరే ఊహించుకోండి. పడవ పసుపుని ఆవపిండి రంగుకి తేవడానికి నాలుగు రాత్రులు పట్టింది. ఓకర్‌లో అదే బూడిద కలిపితే వచ్చింది. బల్బు బియ్యపు గింజంతే. కుక్కని వేశాను కానీ మేకలా ఉందని పిల్లలు నవ్వితే వల కుప్పలో కలిపేశాను.

ఇక తీర్పు. అక్క రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఎర్రదే హాల్లోకి కావాలంది. సోఫా మెరూన్ రంగట, సరిగ్గా మ్యాచ్ అయిందట. (బాబాయ్ గారూ, నవ్వుకోండి.) రెండోదాన్ని అమ్మ తన గదిలో మంచానికి ఎదురుగా కొట్టించుకుంది. అది ఏ ఊరని అడగలేదు. "మీ నాన్న పడవ పక్కన కూర్చునేవారు, ఇటువైపు" అని క్యాన్వాసు బయట, గోడ మీద వేలు పెట్టి చూపించింది. సాయంత్రం ఆ గదిలో లైటు వేయనివ్వడం లేదు. లైటు వేస్తే సముద్రం పోతుందట.


ఆయిల్‌బాబాయ్
ఫిబ్రవరి 2, రాత్రి 9:31

మీ అక్కకి నా ఆశీస్సులు. అమ్మగారి దగ్గరున్నది పెద్ద ఫొటో పంపించు, పగటి వెలుగులో తీసి.


ఉప్పాడకెరటం
ఫిబ్రవరి 2, రాత్రి 9:40

పడవ బాగుంది అన్నా. తాడు మర్చిపోయావ్. కట్టకపోతే రాత్రికి పోటు వస్తే పోద్ది.